పాత పగవాడూ మనవాడే
పోలండు జనం తరాలుగా చూస్తున్న నవ్వుల సినిమా ‘సామి స్వోయి’, దాన్ని తీసినవాళ్ళ కథ

మూడు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి. అంత వెడల్పు నేలలో ఏం పండుతుంది? సరిగ్గా ఒక సాలు కూడా పడదు. ఆ మూడు వేళ్ళ నేల కోసమే పోలండు తూర్పు చివర క్రుజెవ్నికి అనే పల్లెలో రెండు కుటుంబాలు పగబట్టి కూర్చున్నాయి. కార్గుల్ దున్నుతూ దున్నుతూ పక్కవాడి చేలోకి నాగలి జరిపాడు. పక్కవాడు పావ్లాక్. పావ్లాక్ తోడబుట్టినవాడు యాష్కో ఊరుకోలేదు. గడ్డి కోసే పొడుగు కొడవలితో కార్గుల్‌ను గాయపరిచి, పోలీసులకు దొరక్కుండా అమెరికా ఓడెక్కాడు.

ఎన్నో ఏళ్ళ తర్వాత యాష్కో ముసలివాడై తమ్ముణ్ణీ తనవాళ్ళనూ చూద్దామని తిరిగొస్తాడు. వచ్చి చూస్తే ఏముంది? ఏ కార్గుల్ వల్ల తాను దేశం వదిలి పారిపోయాడో, ఆ కార్గులే పావ్లాక్ ఇంటి పక్కన, కంచెకు అవతల కాపురం ఉన్నాడు! పాత ఊళ్ళో అనుకుంటున్నారేమో, కాదు. పాత ఊరు ఇప్పుడు వేరే దేశంలో ఉంది. వందల మైళ్ళు రైలులో వచ్చి, ఎక్కడైనా దిగే వీలుండి కూడా, పావ్లాక్ కోరి కోరి పగవాడి పక్కనే ఇల్లు పట్టాడు. “నీకు మతి ఉందా?” అన్నట్టు చూస్తాడు యాష్కో. అప్పుడు పావ్లాక్ చెప్పుకొచ్చే కథే ఈ సినిమా.

పేరు ‘సామి స్వోయి’. మన సామికీ దీనికీ సంబంధం లేదు లెండి. పోలిష్ భాషలో ఆ రెండు మాటలకు ‘అంతా మనవాళ్ళే’ అని అర్థం. 1967 సెప్టెంబరులో విడుదలైన నలుపు తెలుపు సినిమా. గంటా ఇరవై నిమిషాలకు అటూ ఇటూ ఉంటుంది. పండగ పూట టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమా అది అక్కడివాళ్ళకు. దాంట్లోని మాటలు సామెతల్లాగా జనం నోళ్ళలో నానుతుంటాయి.

పట్టాల పక్కన ఆవు

1945. యుద్ధం ముగిసింది. గూడ్సు పెట్టెల్లో మనుషులూ పశువులూ కలిసి పడమటికి ప్రయాణం చేస్తున్నారు. పెట్టెలో ఒక పక్క గుర్రం, ఒక పక్క ముసలమ్మ, మధ్యలో పొయ్యి, మూటలు, పిల్లలు. రైలు ఒక్కో స్టేషనులో గంటలు గంటలు ఆగిపోతుంది. ఎక్కడ దిగాలో ఎవరికీ తెలియదు. ఖాళీ ఇళ్ళున్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి, దిగి తాళం తీసుకోవడమే. అయినా కాళ్ళు ఆడవు. ఎవరూ తెలియని చోట దిగడమెలా?

రుద్నికి అనే చోట పావ్లాక్‌ల కంట ఒక ఆవు పడుతుంది. పట్టాల పక్కన మేస్తోంది. ఆవును చూసి గుర్తుపట్టారు. అది కార్గుల్ ఆవు! ఆవు ఉందంటే కార్గుల్ ఉన్నట్టే. సామాను దించేశారు.

ఈ ఒక్క ఘట్టం చాలు, సినిమా అంతా తెలిసిపోతుంది. బంధువు కనపడితే దిగడంలో వింతేమీ లేదు. స్నేహితుడు కనపడినా అంతే. కానీ పావ్లాక్ దిగింది పగవాడి ఆవును చూసి. కొత్తచోట కొత్తగా ఒక శత్రువును వెతుక్కునే బదులు పాతవాడే పక్కనుంటే నయం కదా అన్నది వాళ్ళ లెక్క. కార్గుల్ తిట్టే తిట్టు వాళ్ళకు అర్థమవుతుంది. కార్గుల్‌కు క్రుజెవ్నికి తెలుసు. ఏ చెట్టు ఎక్కడుందో, ఎవరి పొలం గట్టు ఎక్కడ మొదలవుతుందో, పావ్లాక్ తండ్రి ఎట్లాంటివాడో తెలుసు. ఇంత పెద్ద దేశంలో ఆ సంగతులు తెలిసిన మనిషి ఇంకొకడు లేడు. ఊరు పోయింది. ఊరిని గుర్తుపెట్టుకున్న సాక్షి ఒక్కడు మిగిలాడు. వాడు పగవాడైతే మాత్రమేం?

ఇక అక్కడి నుంచి నవ్వులే. కార్గుల్ భారీ మనిషి, నిదానం. పావ్లాక్ పొట్టిమనిషి, నిప్పురవ్వ. ఇద్దరి మధ్యా కంచె. ఒకడు ఇటునుంచి పిలుస్తాడు, ఇంకొకడు అటునుంచి వస్తాడు. కుండలు పగులుతాయి, చొక్కాలు చిరుగుతాయి, కంచె కర్రలు విరుగుతాయి. ఖాళీ ఇళ్ళనిండా ఎలుకలు చేరాయి గనుక ఊళ్ళో పిల్లికి బంగారమంత గిరాకీ. ఆ పిల్లి గురించీ గొడవే. ఇంతలో పావ్లాక్ కొడుకు వీత్యా, కార్గుల్ కూతురు యాజ్కా కంచె సందుల్లోంచి ఒకరినొకరు చూసుకుంటారు. తండ్రులు కంచె కడుతూనే ఉంటారు, పిల్లలు దాటుతూనే ఉంటారు. చివరికి పగవాళ్ళు వియ్యంకులవుతారు.

రైలెక్కించింది ఎవరు?

నవ్వు వెనకాల ఉన్న చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. అది తెలియకపోతే పావ్లాక్ రైలెందుకెక్కాడో అర్థం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో పెద్ద దేశాలవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని పోలండు పటాన్ని పడమటికి జరిపారు. తూర్పున ఉన్న పెద్ద భాగం సోవియట్ యూనియన్‌కు పోయింది. అది ఇప్పుడు యుక్రెయిన్, బెలారుస్, లిథువేనియా దేశాల్లో ఉంది. దానికి బదులుగా పడమట జర్మనీ నేల కొంత పోలండుకు వచ్చింది. బ్రెస్లావ్ అనే జర్మన్ నగరం వ్రొత్స్వాఫ్ అనే పోలిష్ నగరమైంది. తూర్పున ఉన్న పోలిష్‌వాళ్ళు పది లక్షలకు పైగా ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పడమటికి రావలసి వచ్చింది. పడమట ఉన్న జర్మన్లు లక్షలాదిమంది ఇంకా పడమటికి పోవలసి వచ్చింది.

ప్రభుత్వం దీనికి పెట్టిన పేరు ‘స్వదేశానికి తిరిగి రావడం’. పేరులోనే ఉంది చమత్కారం. తాతలు పుట్టిన ఊరు వదిలి, ఎన్నడూ చూడని ఊరికి పోతున్నవాణ్ణి పట్టుకుని, నువ్వు ఇంటికి పోతున్నావు అన్నారు. కొత్త నేలకు ‘తిరిగి దక్కిన భూములు’ అని పేరు పెట్టారు. దిగినవాడికి మాత్రం అది తనదనిపించలేదు. అలమారలో ఇంకెవరివో గిన్నెలు, గోడమీద ఇంకెవరిదో ఫొటో, దొడ్లో ఇంకెవరో నాటిన చెట్టు. రేపు జర్మన్లు తిరిగొస్తే? ఆ భయం ఒకటి రెండేళ్ళలో పోలేదు. పశ్చిమ జర్మనీ ఆ సరిహద్దును ఒప్పుకుంటూ సంతకం చేసింది 1970 డిసెంబరులో. అంటే పాతికేళ్ళు. ఈ సినిమా వచ్చేనాటికి ఆ సంతకం ఇంకా కాలేదు. ఇంటి కప్పు బాగుచేయించాలా వద్దా అని ఆలోచించే మనుషులు టిక్కెట్టు కొనుక్కుని థియేటర్లో కూర్చుని ఈ సినిమా చూశారు.

రాసినవాడు, తీసినవాడు

కథ రాసింది ఆంద్జెయ్ ములార్చిక్. 1930లో వార్సాలో పుట్టాడు. రేడియోలోనూ పత్రికల్లోనూ పనిచేసిన మనిషి, జనం మాట వినడం అతని వృత్తి. ఈ కథకు మూలం అతనింట్లోనే ఉంది. అతని బాబాయి యాన్ ములార్చిక్ తూర్పున త్రెంబోవ్లా దగ్గర పల్లెలో ఉండేవాడు. యుద్ధం తర్వాత రైలెక్కి పడమట దిగువ సైలీషియాలో స్థిరపడ్డాడు. ఆ బాబాయి మాటతీరు, మొండితనం, చెప్పిన కథలు విని ములార్చిక్ ముందు రేడియో నాటకం రాశాడు, తర్వాత అదే సినిమా కథైంది. పావ్లాక్ నోటికి అంత ప్రాణం ఎక్కడినుంచి వచ్చిందంటే, కల్పించినది కాదు గనుక.

దర్శకుడు సిల్వెస్టర్ హెంచిన్‌స్కి. అతనూ 1930లోనే పుట్టాడు, తూర్పు పోలండులో సూషెత్స్ అనే ఊళ్ళో. యుద్ధం తర్వాత కుర్రవాడుగా దిగువ సైలీషియాకు చేరాడు. అందరూ వార్సాకు పోతుంటే అతను మాత్రం వ్రొత్స్వాఫ్‌లోనే ఉండిపోయి, 2021లో అక్కడే కన్నుమూశాడు. ఈ సినిమాకు ముందు, 1964లో, ఆ కొత్త భూముల మీదే ‘అగ్నెష్కా 46’ అనే సినిమా తీశాడు. అంటే నవ్వించడానికి ముందే ఆ నేల బరువు తెలిసినవాడు. తెర మీద నవ్వు ఎక్కడా వెకిలిగా లేకపోవడానికి అదే కారణమనిపిస్తుంది.

మన మిల్లు కుటుంబాలవాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. హెంచిన్‌స్కి 1956లో సినిమా చదువు పూర్తిచేసింది వూచ్ నగరంలో. ఆ వూచ్ ఎట్లాంటిదనుకున్నారు? పోలండు మాంచెస్టర్ అని పేరు. ఎర్ర ఇటుకల నూలు మిల్లులు, పొగగొట్టాలు, మిల్లు గేట్ల ముందు పొద్దున్నే ఆడవాళ్ళ బారులు. 1948లో అక్కడ పెట్టిన సినిమా బడిలోనే ఆంద్జెయ్ వాయ్దా, రోమన్ పొలాన్‌స్కి లాంటి లోకం మెచ్చిన దర్శకులు చదివారు. ఆ బడి ఉన్నదెక్కడో తెలుసా? ఓస్కార్ కోన్ అనే మిల్లు యజమాని కట్టుకున్న మేడలో! సేఠ్‌గారి మేడలో రైతుల పిల్లలూ కూలీల పిల్లలూ కూర్చుని కెమెరా పట్టడం నేర్చుకున్నారు. తర్వాత్తర్వాత వూచ్ మిల్లులు కూడా మన ముంబయి మిల్లుల్లాగే మూతపడ్డాయి. పోజ్నాన్‌స్కి అనే సేఠ్ కట్టిన పెద్ద మిల్లు 2006 నుంచి షాపింగ్ మాల్. పరేల్ వైపు ఫీనిక్స్ మిల్లు పొగగొట్టం కింద మాల్ చూసినవాళ్ళకు వేరే చెప్పాలా?

సంగీతం వోయ్‌చెహ్ కిలార్. ఈయన తర్వాతి రోజుల్లో హాలీవుడ్‌లో కొప్పోలా ‘డ్రాకులా’కూ, పొలాన్‌స్కి ‘ది పియానిస్ట్’కూ సంగీతం ఇచ్చినవాడు. 1932లో పుట్టింది ల్వూఫ్ నగరంలో. ఆ ల్వూఫ్ ఇప్పుడు యుక్రెయిన్‌లో ల్వీవ్. అంటే కిలార్ కూడా పుట్టిన ఊరు సరిహద్దు అవతల పోగొట్టుకున్నవాడే. రాసినవాడి బాబాయి, తీసినవాడు, బాణీ కట్టినవాడు, అందరూ తూర్పు నుంచి వచ్చినవాళ్ళే. ‘అంతా మనవాళ్ళే’ అన్న పేరు సినిమా తీసినవాళ్ళకూ సరిపోయింది.

మనిషి ఒకడు, గొంతు ఇంకొకడిది

పావ్లాక్‌గా వాత్స్వాఫ్ కోవాల్‌స్కి, కార్గుల్‌గా వ్వాదిస్వాఫ్ హాన్చా. ఇద్దరి పేర్లూ తర్వాత ఈ పాత్రల పేర్ల వెనక మరుగున పడిపోయాయి. వీధిలో పోతుంటే జనం వాళ్ళను పావ్లాక్, కార్గుల్ అనే గుర్తుపట్టే స్థితి వచ్చింది.

హాన్చా వూచ్‌లో పుట్టినవాడు, 1905లో. పట్నం మనిషి. రంగస్థలం మీద రాజులూ దొరలూ వేసిన నటుడు. మాట పలికితే ముత్యాల్లాగా పలికేవాడు. అదే ఇక్కడ చిక్కు తెచ్చింది. తూర్పు పల్లెల యాస వేరు. అచ్చులు సాగదీసి, మాట చివర్ని పాటలాగా ఎత్తి పలుకుతారు. మధ్యమధ్య యుక్రేనియన్ మాటలు దొర్లుతాయి. హాన్చా నోట ఆ యాస పట్టుబడలేదు. అందుకని ఈ మొదటి సినిమాలో కార్గుల్ మనిషి హాన్చాది, గొంతు మాత్రం బొలెస్వాఫ్ ప్వోత్నిత్స్కి అనే ఇంకో నటుడిది. అంత పెద్ద నటుడికి వేరొకరి గొంతు పెట్టారంటే చూడండి, దర్శకుడు యాస విషయంలో ఎంత పట్టుదలగా ఉన్నాడో. ముఖం అటూ ఇటూ అయినా ఫరవాలేదు, యాస తప్పితే మాత్రం అది కార్గుల్ కాదు.

కోవాల్‌స్కికి ఆ బాధ లేదు. 1916లో రష్యాలో పుట్టి, తూర్పు పోలండులో పెరిగినవాడు. తూర్పు యాస అతని నోట పుట్టుకతో వచ్చినట్టే పలికింది. కోపం వస్తే టోపీ నేలకేసి కొట్టి, అంతలోనే దాన్నే తీసి దుమ్ము దులుపుకునే రకం మనిషిగా కోవాల్‌స్కి పావ్లాక్‌ను నిలబెట్టాడు.

ఆ యాస తెర మీద వినపడటం చిన్న సంగతి కాదు. కొత్త భూముల్లో ఒకే ఊళ్ళో వార్సా వైపు నుంచి వచ్చినవాళ్ళు, తూర్పు నుంచి వచ్చినవాళ్ళు, పోజ్నాన్ వైపువాళ్ళు కలిసి పడ్డారు. ఒకరి మాట ఒకరికి నవ్వు. బడిలో పంతులు ఒకే రకం పోలిష్ నేర్పుతాడు. పిల్లలు రెండేళ్ళలో యాస వదిలేస్తారు, ముసలివాళ్ళు వదలలేరు. అవ్వ నలుగురిలో మాట్లాడితే మనవడు సిగ్గుపడతాడు. అట్లాంటి యాస మీద దేశమంతా నవ్వింది, కానీ ప్రేమగా నవ్వింది. ఆ నవ్వులో అవ్వ మాటకు మర్యాద దక్కింది. పావ్లాక్ మాటలను అనుకరించడం పట్నం పిల్లలకు సరదా అయింది.

ఊరి నుంచి దూరంగా పెరిగిన మన ఇళ్ళలో కూడా ఇది జరుగుతున్నదే. సోలాపూర్‌లోనో భివండిలోనో పుట్టిన పిల్లవాడు “ఆజీ, తూ గప్ బస్” అని మరాఠీలో అంటాడు, ఆమె కరీంనగర్ తెలుగులో జవాబిస్తుంది. బస్సులో పక్కవాళ్ళు వింటారేమోనని వాడి బాధ. హైదరాబాదు చుట్టాలింటికి పోతే అక్కడా మన తెలుగు విని నవ్వుతారు. రెండు వైపులా నవ్వులపాలైన మాటకు తెర మీద చోటు దొరికితే ఎట్లా ఉంటుందో ‘సామి స్వోయి’ చూస్తే తెలుస్తుంది.

గ్రెనేడ్లిచ్చిన అవ్వ

పావ్లాక్ తల్లి లియోనియా పాత్ర వేసింది నతాలియా షిమాన్‌స్కా. సినిమాలో ఎక్కువసేపు కనపడదు కానీ కనపడినప్పుడు మిగతావాళ్ళు కనపడరు. భూమి తగాదా కోర్టుకెక్కింది. పావ్లాక్ మంచి కోటు వేసుకుని బయలుదేరుతున్నాడు. తల్లి దగ్గరికి పిలిచి, యుద్ధకాలం నాటి చేతి గ్రెనేడ్లు తెచ్చి కొడుకు జేబులో పెడుతుంది. కోర్టు సంగతి కోర్టుది, న్యాయం మాత్రం మనవైపే ఉండాలి అన్నది ఆ తల్లి నీతి. ఆ మాట పోలండులో ఇప్పటికీ కోర్టు ప్రస్తావన వస్తే చాలు ఎవరో ఒకరు అంటారు.

నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆమె వైపు నుంచి ఆలోచించండి. ఆమె కళ్ళముందు ఎన్ని రాజ్యాలు మారాయి! ముందు ఒక చక్రవర్తి, తర్వాత పోలిష్ సర్కారు, తర్వాత రష్యావాళ్ళు, తర్వాత జర్మన్లు, మళ్ళీ రష్యావాళ్ళు. ప్రతివాడూ కోర్టు పెట్టాడు, ప్రతివాడూ కాగితం ఇచ్చాడు, తర్వాతివాడు వచ్చి ఆ కాగితం చెల్లదన్నాడు. ఆఖరికి ఊరే చెల్లదన్నారు. ఆమెకు కోర్టు మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

యాజ్కాగా వేసిన ఇలోనా కుష్మియెర్స్కా అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల. తర్వాత పోలిష్ డబ్బింగ్ రంగంలో పెద్ద పేరు తెచ్చుకుంది, విదేశీ కార్టూన్లు పోలిష్‌లోకి తేవడంలో ఎంతో పనిచేసింది. వీత్యాగా వేసిన యెజీ యానెచెక్ మాత్రం సినిమాలో యాష్కో పోయిన దారే పట్టాడు, అమెరికా వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చి, 2021లో పోయాడు. ఆ మరుసటి ఏడే కుష్మియెర్స్కా కూడా పోయింది.

సినిమా చెప్పనివి

1967 నాటి పోలండు కమ్యూనిస్టు ప్రభుత్వం కింద ఉంది. సోవియట్ యూనియన్ తమ నేల తీసుకుందని బాహాటంగా అనే వీలు లేదు. అందుకని సినిమాలో పావ్లాక్‌లు రైలెక్కడం ఉంటుంది, ఎందుకు ఎక్కవలసి వచ్చిందో ఉండదు. ఆ తూర్పు ప్రాంతాల్లో యుద్ధకాలంలో జరిగిన ఊచకోతల మాట రాదు. పోలిష్, యూదు, యుక్రేనియన్ కుటుంబాలు ఎన్నో తుడిచిపెట్టుకుపోయాయి. క్రుజెవ్నికిలో కార్గుల్, పావ్లాక్‌లతో పాటు ఇంకెవరెవరు ఉండేవారు, వాళ్ళేమయ్యారు అని సినిమా అడగదు. పావ్లాక్ అడుగుపెట్టిన ఇంటిలో అంతకుముందు ఉన్న జర్మన్ కుటుంబం గురించి కూడా పెద్దగా చెప్పదు. వాళ్ళూ ఇట్లాగే మూటలు కట్టుకుని ఏదో స్టేషనులో నిలబడి ఉంటారు.

దీన్ని లోపమనవచ్చు. కానీ థియేటర్లో కూర్చున్నవాళ్ళకు చెప్పనక్కర్లేని సంగతులవి. గూడ్సు పెట్టె తెర మీదికి రాగానే వాళ్ళకు తమ పెట్టె గుర్తొస్తుంది. చెప్పడానికి వీల్లేని దుఃఖాన్ని నవ్వు మూటలో కట్టి సెన్సారు ముందు నుంచే దాటించుకుపోయినట్టుంది. ఏడుపు సినిమా తీసి ఉంటే ఆ రోజుల్లో విడుదలయ్యేదే కాదేమో. పిల్లి కోసం, కంచె కోసం కొట్టుకునే ఇద్దరు రైతుల కథ గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

పన్నెండేళ్ళలోపు మూడు సినిమాలు

మొదటిది ఇంత ఆడేసరికి 1974లో రెండోది వచ్చింది. ఇప్పుడు పావ్లాక్, కార్గుల్ ముసలివాళ్ళు. పిల్లలు పట్నం చూపు చూస్తున్నారు. ఇంత కొట్లాడి సంపాదించిన నేలను మన తర్వాత ఎవరు దున్నుతారు అన్నది వాళ్ళ దిగులు. ఇద్దరికీ ఉమ్మడి మనవరాలు ఆన్యా. ఆమెకు పల్లెలో ఉండే మొగుణ్ణి తేవాలని ఇద్దరు తాతలూ కలిసి ఎత్తులు వేస్తారు. ఆన్యాగా వేసిన ఆన్నా దిమ్నా తర్వాత పోలండు అభిమాన నటీమణుల్లో ఒకరైంది.

1977లో మూడోది, ‘ప్రేమించు లేదా వదిలెయ్’ అన్న అర్థం వచ్చే పేరుతో. యాష్కోను చూడటానికి ఇద్దరు తాతలూ మనవరాలితో ఓడెక్కి చికాగో పోతారు. చేరేసరికి యాష్కో చనిపోయి ఉంటాడు. అతనికి అక్కడ షెర్లీ అనే నల్లజాతి కూతురుందని తెలుస్తుంది. మూడు వేళ్ళ నేల దగ్గర మొదలైన కథలో, ‘మనవాళ్ళు’ అనే మాట సముద్రం దాటి అంత దూరం సాగింది. ఆమెను చూసి మొదట బిత్తరపోయిన పావ్లాక్‌కు, ఆమె కూడా పావ్లాకే అని ఒప్పుకోక తప్పదు.

మూడు సినిమాలూ ములార్చిక్ రాసినవే, హెంచిన్‌స్కి తీసినవే. హాన్చా ఆ 1977లోనే కన్నుమూశాడు. కోవాల్‌స్కి 1990లో పోయాడు. కార్గుల్ లేకుండా పావ్లాక్ ఎవరితో పోట్లాడతాడు? జంట ముగిసింది. 2000లో మొదటి సినిమాకు కంప్యూటరు మీద రంగులద్దారు. కానీ పాతవాళ్ళు నలుపు తెలుపుదే చూస్తామంటారు. 2024లో ఆర్తుర్ జ్మియెవ్‌స్కి దర్శకత్వంలో ఇంకో సినిమా వచ్చింది, కుర్రప్రాయంలో పావ్లాక్, కార్గుల్ క్రుజెవ్నికిలో ఎట్లా ఉండేవారో చెప్పే కథ. దాన్నీ రాసింది ములార్చికే. మొదటి సినిమాలో చెప్పడానికి వీల్లేక వదిలేసిన పాత ఊరి దగ్గరికి, తొంభై దాటిన వయసులో ఆయన తిరిగి వెళ్ళాడు.

మ్యూజియం

పావ్లాక్, కార్గుల్ ఇళ్ళ సన్నివేశాలు తీసింది వ్రొత్స్వాఫ్ పక్కన దోబ్జికోవిత్సే పల్లెలో. బజారు, ఊరి సన్నివేశాలు కొన్ని తీసింది లుబోమ్యెష్ అనే చిన్న పట్నంలో. ఆ లుబోమ్యెష్‌లో ఇప్పుడు పావ్లాక్, కార్గుల్‌ల పేర మ్యూజియం ఉంది. 1997 నుంచి అక్కడ ఏటా నవ్వుల సినిమాల పండగ జరుగుతోంది. అసలు లేని మనుషులకు మ్యూజియం ఏమిటంటారా? ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న కుటుంబాల్లో సగం మందికి వాళ్ళ తాత పావ్లాకే.

మనకు నచ్చే మాట ఇంకొకటి ఉంది. ఆ మ్యూజియం ఉన్న పాత భవనం పేరు నారబట్టల వర్తకుల ఇల్లు. అవిసె నారతో బట్ట నేసి అమ్మిన నేల అది. నేసినవాళ్ళు జర్మన్ భాష మాట్లాడేవారు. వాళ్ళు పోయారు. ఆ గోడల మధ్య ఇప్పుడు తూర్పు నుంచి వచ్చిన రైతుల సామాను ఉంది. ఒకళ్ళ మగ్గం శబ్దం ఆగిన చోట ఇంకొకళ్ళ నవ్వు వినపడుతోంది. ఆ ఇంటికి ఇద్దరూ సొంతవాళ్ళే అనుకోవాలి.

మన ఇళ్ళలో

మనవాళ్ళను ఎవరూ తుపాకి చూపి రైలెక్కించలేదు. కరువు ఎక్కించింది, మగ్గం ఆగిపోవడం ఎక్కించింది, మిల్లులో కూలి దొరుకుతుందన్న కబురు ఎక్కించింది. రెండూ ఒకటి కావు. కానీ దిగిన తర్వాత చేసిన పని మాత్రం ఒకటే. బొంబాయిలో దిగినా సోలాపూర్‌లో దిగినా ముందు వెతికింది మన ఊరివాళ్ళ చాళీనే. ఊళ్ళో పడనివాళ్ళు కూడా ఇక్కడ ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టారు. ఊరి తగాదాలు కూడా మూటల్లో వెంటే వచ్చాయి. ఫలానావాళ్ళతో మనకు మాటల్లేవు అని పిల్లలకు చెప్పినవాళ్ళే, మిల్లులో వేలు తెగితే ఆ ఫలానావాళ్ళ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి పోయారు.

ఆ తగాదాలు ఎందుకొచ్చాయో తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఏ గట్టు దగ్గర, ఎన్ని వేళ్ళ నేల కోసం మాటలు ఆగాయో, ఆ పొలం ఇప్పుడు ఎవరు దున్నుతున్నారో చెప్పగలవాళ్ళు ప్రతి చాళీలో నలుగురైదుగురుంటే ఎక్కువ. ములార్చిక్ తన బాబాయి దగ్గర కూర్చుని విన్నాడు గనుక ఒక పల్లె మాట మిగిలింది. మన ఇంటి పెద్దలు మొదలుపెట్టినప్పుడు, “మళ్ళీ అదే కథా” అనకుండా వినండి. వాళ్ళు తిట్టే మనిషి పేరు కూడా రాసిపెట్టుకోండి. ఆ మనిషి మనవడు మీ పక్క గల్లీలోనే ఉండవచ్చు.